చిల్లు గ్లాసులో మజ్జిగ

టైర్లలో గాలి తగ్గితే దానంతటదే నింపుకునే ట్రైలర్ లారీ కొన్నప్పట్నుంచీ పరంధామయ్య నేల మీద నడవడం మానేశాడు. ఆ బండి సరుకుతో ఘాటు రోడ్డుకి బయల్దేరుతుంటే, టైర్లు చూసే సైదులు గాలి కొలిచే గేజి పట్టుకుని అడ్డొచ్చాడు.

"ఎప్పుడూ నిండుగా ఉండేవాటిని చూసేదేముందిరా? నీతో ఇక పన్లేదు, పో!" అని కసిరాడు పరంధామయ్య.

"అలాగేనండి. ఎండన పడొచ్చారు, పోయేముందు కాస్త మజ్జిగ పోస్తాను" అంటూ సైదులు ఓ స్టీలు గ్లాసు చేతికిచ్చి, చెంబుతో పోస్తూనే ఉన్నాడు. గ్లాసు నిండుగానే ఉంది గానీ, పరంధామయ్య తెల్ల పంచె తడిసి ముద్దయింది.

"ఒరేయ్, గ్లాసుకి చిల్లురా!"

"నిండుగానే ఉంది కదండీ, చూసేదేముంది? చెంబు ఖాళీ అయ్యాకే తెలుస్తుంది. అది ఘాటు మధ్యలోనైతే ఎలాగండీ?"

పరంధామయ్య తడిసిన పంచె వదిలేసి లారీ టైర్ల వంక చూశాడు. "ఆ గాలి నింపే యంత్రం ఆపి చూడు" అన్నాడు.

ఆపి చూస్తే ఆరో టైరు మెల్లగా దిగిపోతోంది. అందులో వేలెడు మేకు. డ్రైవరు సైదులుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

పరంధామయ్య చిల్లుకి వేలు అడ్డం పెట్టి, గ్లాసు మళ్లీ చాచాడు.

"పొయ్యి నాయనా. నువ్వు చూడందే ఇక నా బండి గేటు దాటదు."