వాయిదా పడ్డ పది దెబ్బలు

చిట్టీ, ఇది పిల్లలందర్నీ కూచోబెట్టుకుని వినిపించు. మీ తాత చెప్పాల్సిన కథ. ఆయన లేడుగా, నేనే చెప్తున్నా.

ఎరకయ్య, గవరయ్య, సన్నాసి అని ముగ్గురన్నదమ్ములు. "దేవుడు తెలివి పంచేటప్పుడు ముందు వరసలో మేమే ఉన్నాం" అనేవాళ్ళు. ఉన్నారు మరి. చేతులు కట్టుకుని ఉన్నారు.

తెల్లదొరల కాలం. ఓ దొర గుర్రం దిగి, "ఎరకయ్యా, దీనిమీద ఓ కన్నేసి ఉంచు" అన్నాడు. అంతే. ఎరకయ్య ఒక కన్ను గట్టిగా మూసుకుని, రెండోది గుర్రం మీదేశాడు. మూసిన కంటివైపు నుంచి గుర్రం చక్కా పోయింది.

దొరకి ఒళ్ళు మండింది. పది కొరడా దెబ్బలన్నాడు. వినగానే ఎరకయ్యకి జ్వరమొచ్చేసింది. దొర చెయ్యి పట్టి చూసి "రిప్రీవ్" అన్నాడు.

"అంటే ఏంటండీ గుమస్తాగారూ?" అని దొర పక్కనున్న గుమస్తాని అడిగాడు గవరయ్య.

"శిక్ష పోయినట్టు కాదురా. వాయిదా పడ్డట్టు. జ్వరం దిగాక కొడతారు."

"అంత మంచి మాట ఎక్కడ పుట్టిందండీ?"

గుమస్తాకి చదువెక్కువ, అడిగితే ఆగడు. "పరాసు వాళ్ళ, అదే ఫ్రెంచి వాళ్ళ మాటరా. మొదట్లో మళ్ళీ ఖైదుకి తీసుకుపోవటం అని అర్థం. ఖైదులో ఉన్నంతసేపూ ఉరి తియ్యరుగా? పోగా పోగా అదే వాయిదా అయింది."

ఇంకేముంది! ఇంటికెళ్ళగానే అన్నని కోళ్ళగూట్లో కుక్కారు.

"ఒరే, పుంజు పొడుస్తోందిరా!"

"ఖైదన్నాక పొడవదా? ఊరుకో అన్నా."

సాయంత్రానికి ఒళ్ళు చల్లబడింది. సన్నాసి చెయ్యి పట్టి చూశాడు. "జ్వరం దిగిపోతోందిరోయ్! కొడతారు!"

దిగకుండా ఉండాలంటే పైన పెట్టాలిగా? అంతే, అన్నని చింతచెట్టు ఎక్కించారు. నిచ్చెన కూడా తీసేశారు, జ్వరం దాన్ని పట్టుకుని దిగుతుందని.

తెల్లారి పొద్దెక్కింది. ఎండకి మాడి, చీమలు కుట్టి, ఎరకయ్య ఏడుస్తున్నాడు. "ఆ పది దెబ్బలే నయంరా!"

"నోర్ముయ్! నిన్ను కాపాడుతున్నాం."

ఈలోగా గుమస్తా వచ్చాడు. "గుర్రం దొరికింది. శిక్ష రద్దు. దిగరా!"

తమ్ముళ్ళు లబోదిబోమన్నారు. "శిక్షే లేకపోతే దేన్ని వాయిదా వేస్తారు బాబూ? మా అన్నకున్నదే ఆ ఒక్క వాయిదా. అదీ లాక్కుంటారా?"

పరిగెత్తుకెళ్ళి దొర కాళ్ళమీద పడ్డారు. "ఆ పది దెబ్బలూ మాకు మళ్ళీ ఇప్పించండి!"

దొర నెత్తి కొట్టుకున్నాడు. "ఇరవై తీసుకుని పొండి!"

ఇక్కడికొచ్చేసరికి మీ తాత దగ్గొచ్చేదాకా నవ్వేవాడు. సరేలే.

తమ్ముళ్ళు ఈలలేసుకుంటూ వచ్చారు. "అన్నా! పది పోతే ఇరవై తెచ్చాం! రెట్టింపు వాయిదా!"

ఎరకయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. దొర బంగళావైపు తిరిగి, కొమ్మ వదిలేసి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

జ్వరమూ మనిషీ ఒక్కసారే దిగారు.

"దిగిందిరోయ్!" అని అరుస్తూ గవరయ్య నిచ్చెన కోసం పరిగెత్తాడు.