శేషప్ప నక్క నేర్పిన జవాబులు

కొండ కింది బీడులో అడవి జంతువుల పిల్లలకు కబడ్డీ పోటీ. ఒక జట్టుకు కోచ్ శేషప్ప అనే నక్క. జన్మలో ఒక్కసారైనా కూత పెట్టినవాడు కాదు గానీ, గీత పక్కన నిలబడి అరవడంలో అతన్ని మించినవాడు లేడు. ఈసారి గెలిస్తే సింహం దగ్గర కొలువు దొరుకుతుందని ఎవరో చెవిలో ఊదారు. అప్పట్నుంచి అతని కంటికి పిల్లలు పిల్లల్లా కనిపించడం మానేశారు.

ఆట మధ్యలో అతని జట్టు పొట్టేలు పిల్ల మారన్న కూతకు వెళ్ళాడు. అవతలి జట్టు పంది పిల్ల పట్టు పట్టగానే కిందపడ్డాడు, తల రాయికి కొట్టుకుంది. లేచాడు గానీ, తూలుతూ పోయి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు.

అంపైర్ ఓబన్న దున్నపోతు ఆట ఆపాడు. "తలకు దెబ్బ తగిలింది. నేనడిగినవాటికి సరిగ్గా చెప్తేనే మళ్ళీ ఆట, లేకుంటే ఇంటికే."

ఆ పద్ధతి ఊరికే పుట్టలేదు. కిందటేడు ఒక మేకపిల్లను తల తిరుగుతుండగానే ఆడిస్తే ఇంకో దెబ్బ తగిలింది. ఆ పిల్ల ఇప్పటికీ వాగుకు దారి తెలియక గుండ్రంగా తిరుగుతోంది. శేషప్పకు అది బాగా తెలుసు.

"వీనికి నీళ్ళు తాపి తెస్తా, అన్నా" అంటూ మారన్నను పొదచాటుకు లాక్కుపోయాడు.

"మామా, కొండలు రెండు కనపడతాండాయి."

"ఒకటి కొండ, రెండోది నీ పిరికితనం. మగపుటక పుట్టి ఇంత దెబ్బకే కూలబడతావా? నేను చెప్పింది బట్టీ పట్టు. ఓబన్న ఎప్పుడూ ఒకే వరసలో అడుగుతాడు. ముందు పేరు, మారన్న అను. తర్వాత యాడుండావంటాడు, కొండ కింది బీడు అను. ఆఖర్న పొద్దున ఏం తిన్నావంటాడు, తుమ్మకాయలు అను."

పిల్లవాడు పెదవులు కదుపుకుంటూ రావడం ఓబన్న చూశాడు. చూసి, వరస మార్చాడు.

"పొద్దున ఏం తిన్నావు నాయనా?"

"మారన్న."

"నీ పేరు?"

"కొండ కింది బీడు."

"ఇప్పుడు యాడుండావు?"

"తుమ్మకాయలు."

బీడంతా గొల్లున నవ్వింది. తల్లి గొర్రె మాత్రం నవ్వలేదు. పరుగున వచ్చి కొడుకు మొహం నిమిరింది. వాడు ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వెవరు?" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి.

"తమాషా చేస్తాండాడు," అన్నాడు సిగ్గులేని శేషప్ప. "కబడ్డీ అన్నాక తలకు తగలదా? అదీ ఒక దెబ్బేనా?"

"అంతేలే," అన్నాడు ఓబన్న. "జట్టులో ఒకడు తక్కువైతే కోచ్ దిగాలని మన కట్టుబాటు. నువ్వే కూతకు పో."

శేషప్ప గీత అవతలికి చూశాడు. పంది పిల్ల కాలితో నేల గీరుతోంది. అతని తోక కాళ్ళ మధ్యకు పోయింది.

"అన్నా, పొద్దున్నుంచి నాకే తల తిరుగుతాంది. ఈ తలతో దిగితే ప్రాణానికే ముప్పు."

"ముప్పని నీకూ తెలుసన్నమాట. నీ తలకైతేనే గుర్తొస్తుంది," అన్నాడు ఓబన్న. "ఇంక ఈ బీడులో అడుగు పెట్టొద్దు. పో."

తను కోచింగ్ ఇచ్చిన పిల్లలంతా చూస్తుండగా శేషప్ప వెళ్ళిపోయాడు, కొలువూ లేదు, జట్టూ లేదు. పొద్దుగూకే వేళకు మారన్న "అమ్మా, తల నొస్తాంది" అన్నాడు. అమ్మా అనే ఆ పిలుపు కోసమే కూర్చున్న తల్లి అప్పుడు ఏడ్చింది.

పిల్లల తలలు పణంగా పెట్టి గెలవాలని చూసేవాడు, తన తల దాకా వస్తే అందరికంటే ముందు పారిపోతాడు.