రాగి కాగు ఇంటికొచ్చింది

గుంజేటి అడవిలో ఆ ఏడు వానలు ఎంత దంచి కురిశాయంటే, చేపలు చెట్లెక్కి చలి కాచుకున్నాయి. వానలు వెలిసేసరికి మంచి ముహూర్తం ఒకే ఒక్కటి మిగిలింది. అందరూ ఆ ఒక్క రోజు మీదే పడ్డారు. పొద్దున్నే కుందేలింట బారసాల, పొద్దెక్కాక ఎలుగింట గృహప్రవేశం, మధ్యాహ్నం చిరుతింట పెళ్ళి. ఒక ఇల్లు తూర్పున, ఒకటి ఉత్తరాన, ఒకటి కొండ మీద.

నక్క నాగభూషణానికి మూడిళ్ళ నుంచీ పిలుపొచ్చింది. పిలవని ఇంటికే అందరికంటే ముందు పోయి ఆకు వేయించుకునే మనిషి, పిలిచిన ఇల్లు వదులుతాడా?

"మూడూ చూసుకుని వద్దామే," అన్నాడు పెళ్ళాంతో, మీసాలకు ఆముదం రాసుకుంటూ.

"చూసుకుని వస్తే సరా? చదివింపులో?" అంది సౌభాగ్యం. "కొంపలో ఉన్నది ఒకటే రాగి కాగు. అదీ మా అమ్మ పెట్టింది."

"ఆ ఒక్కటీ చాలు."

"మూడిళ్ళకా?"

"మూడిళ్ళకీ. సాయంత్రానికి మళ్ళీ మన పొయ్యి మీదకీ."

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. చదివించే వస్తువును గుడ్డలో మూటగట్టి ఇవ్వాలి. చిలక రామం గుంజ మీదెక్కి, ఇచ్చినవాళ్ళ పేరూ వస్తువు పేరూ గట్టిగా చదువుతాడు. మూట మాత్రం చుట్టాలు ఉన్నంతసేపూ విప్పకూడదు. విప్పితే ఆశపోతు కొంప అంటారు. మూటలన్నీ లోపలి గదిలో వేస్తారు. నిద్రపోయిన చంటిపిల్లలను పడుకోబెట్టేదీ అక్కడే.

నాగభూషణం బుర్రకు ఇంతకంటే ఏం కావాలి? సౌభాగ్యం పాత ఎర్రచీర రెండుగా చింపింది. ఒక ముక్క కాగుకు, ఒక ముక్క పిల్లాడికి. చదివించేటప్పుడు కాగు మూట ఇచ్చేయాలి. భోజనాలయ్యాక పిల్లాణ్ణి నిద్రపుచ్చి, ఎర్రగుడ్డలో చుట్టి లోపల పడుకోబెట్టాలి. వెళ్ళేటప్పుడు సౌభాగ్యం పిల్లాడి మూట భుజాన వేసుకుంటుంది, నాగభూషణం కాగు మూట ఎత్తుకుని "పిల్లాడి పక్కబట్టలు" అంటాడు. అంతే.

"ఒక్క మాట," అంది సౌభాగ్యం. "ఆ కాగు ఇంటికి రాకపోతే మీరూ ఇంటికి రానక్కర్లేదు."

ఇక పిల్లాడి సంగతి. పేరు బుడ్డిగాడు. ఏణ్ణర్ధం వయసు. వాడు ఏడుస్తుంటే పక్క అడవిలో పులులు పెట్టేబేడా సర్దుకునేవి. వాడికి వచ్చిన మాట ఒకటే: "వద్దు." పాలకీ వద్దు, నీళ్ళకీ వద్దు, నిద్రకైతే ముమ్మాటికీ వద్దు. అటువంటివాణ్ణి ఒక్క రోజులో మూడిళ్ళలో మూడుసార్లు నిద్రపుచ్చుదామని వీళ్ళ ఆలోచన!

బండి ఎద్దు పోలయ్యది. ఒంటెద్దు బండి. మూడిళ్ళలోనూ తిన్నన్ని విస్తరాకులు పెట్టిస్తామని ఒప్పించారు. ఎక్కీ ఎక్కగానే బుడ్డిగాడు పోలయ్య తోక దొరకబుచ్చుకుని లాగడం మొదలుపెట్టాడు.

"అమ్మగారూ, తోక," అన్నాడు పోలయ్య.

"ఆడుకోనీ. తోక అరిగిపోతుందా? కాగు పట్టుకున్నారా, ఏవండీ?"

"పట్టుకున్నా. ఒరే పోలయ్యా, వెనక్కి చూడకు. మాట్లాడకు. నడు!"

బండి నడిచింది. పిల్లాడు దాహమని ఏడ్చాడు, ఆగింది. కక్కాడు, ఆగింది. దిగుతానని గింజుకున్నాడు, దించితే ఎక్కనని దొర్లాడు, ఎక్కిస్తే ఒంటికని సైగ చేశాడు, దించితే "వద్దు" అన్నాడు. ఎక్కించగానే సౌభాగ్యం ఒళ్ళో పోశాడు. పక్కనే పాకుతున్న నత్త బండిని దాటిపోయి, ముందు మలుపులో కాసేపు కునుకు తీసి, మళ్ళీ లేచి వెళ్ళిపోయింది.

కుందేలు చెంచయ్య ఇంట నెలపిల్లలకి పేర్లు పెడుతున్నారు. ఎంతమంది పిల్లలంటే, చివరివాడి దగ్గరికొచ్చేసరికి అడవిలో పేర్లు అయిపోయాయి. నాగభూషణం కాగు మూట ఎత్తి ఇచ్చాడు. చిలక రామం గొంతు సవరించుకున్నాడు.

"నక్క నాగభూషణం దంపతులు, రాగి కాగు ఒకటీ...!"

చెంచయ్య చెవులు రెండూ వణికాయి. "అయ్యో బావగారూ, మా పేదింటికి ఇంత పెద్ద కాగా! తీసుకెళ్ళండి, మీ మాటే మాకు పదివేలు."

నాగభూషణం గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఎంత మాటన్నావు చెంచయ్యా! చదివించింది వెనక్కి తీసుకునే వంశం కాదు మాది!"

ఆ మాట అందరికీ వినబడేట్టు అన్నాడు. చిలకకు మరీ వినబడేట్టు అన్నాడు.

క్యారెట్టు హల్వా అయ్యాక పిల్లాణ్ణి నిద్రపుచ్చే పని మొదలైంది. సౌభాగ్యం జోకొట్టి జోకొట్టి అరచెయ్యి తెడ్డులా అయింది. వాడు మూసిన కన్ను మూసినట్టే ఉంచి, తెరిచిన కన్నుతో హల్వా పళ్ళెం చూస్తున్నాడు. చివరికి ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు. మూటగట్టారు, పడుకోబెట్టారు, మరుక్షణం రెండు ఎర్రమూటలూ భుజాన వేసుకుని బయటపడ్డారు.

"ష్! పిల్లాడు పడుకున్నాడు," అంది సౌభాగ్యం గుమ్మంలో.

"ఇవి పక్కబట్టలు," అన్నాడు నాగభూషణం, కాగు బరువుకు ఒక పక్కకు ఒరిగిపోతూ.

"ఎంత ముచ్చటైన తండ్రో! పక్కబట్టలు కూడా తనే మోస్తున్నాడు," అంది చెంచయ్య భార్య.

ఎలుగు బైరాగి కొత్త గుహలోనూ ఇదే తంతు. మళ్ళీ కాగు, మళ్ళీ చిలక, మళ్ళీ "వెనక్కి తీసుకునే వంశం కాదు మాది!" బైరాగి తేనె పాయసం ఎంత తియ్యగా ఉందంటే, తిన్నవాళ్ళ మాటలకు నెల రోజులు చీమలు పట్టాయి. బుడ్డిగాడు అప్పుడే నిద్రలేచాడు కదా, మళ్ళీ ఎలా పడుకుంటాడు? కొత్త గోడల మీద పాయసం పూశాడు. పాలపొంగు కుండలో తల దూర్చి ఇరుక్కున్నాడు. తల బయటికి లాగి, తిట్టి, ఊపి, చివరికి పొట్ట నిండా పాయసం పోసి మత్తెక్కించారు.

బండెక్కాక పోలయ్య ఉండబట్టలేక అన్నాడు. "అయ్యగారూ, పసివాడి కళ్ళు మంకెన పువ్వుల్లా ఉన్నాయి. ఈ చెట్టు కింద కాసేపు పడుకోనిస్తే..."

"నీకు మాటలెందుకురా? బండి లాగేవాడివి బండి లాగు. ఏవేవ్, కాగు భద్రమేనా?"

"నా ఒళ్ళోనే ఉంది," అంది సౌభాగ్యం. నిజమే. కాగు ఒళ్ళో ఉంది. పిల్లాడు బండి చెక్క మీద దొర్లుతున్నాడు.

ఇక చిరుతింట పెళ్ళి. చుక్కలమ్మ అంటే ఆ కొండకంతటికీ పెద్ద. ఆవిడ చిన్న కొడుకు పెళ్ళి. పెళ్ళికి మేకలూ జింకలూ ధైర్యంగా వచ్చి కూర్చున్నాయంటే కారణం ఉంది. చిరుతలు చేతికి కంకణాలు కట్టుకున్నాయి. కంకణం చేతికున్నంతసేపూ చిరుతలు మాంసం ముట్టవు. పొద్దుగూకాక కంకణాలు విప్పుతారు. అందుకే తెలిసిన చుట్టాలు పొద్దుగూకే ముందే సెలవు తీసుకుంటారు.

కాగు మూడోసారి చదివించారు. గంధం పూశారు, పన్నీరు చల్లారు. నాగభూషణం దంపతులు పన్నీరు ఇంకా, ఇంకా అని ముక్కుల్లోకి కారేదాకా చల్లించుకున్నారు. ముందు వరసలో కూర్చున్నారు. విస్తరి మీద వడ్డించినవి కాక, పక్క విస్తరివి కూడా సర్దుకున్నారు. బుడ్డిగాడు ఈసారి పోరాడలేదు. పులిహోర ముద్ద నోట్లో ఉండగానే మెడ వాల్చేశాడు. మూటగట్టి లోపల వేశారు.

పెళ్ళి కదా, లోపలి గదిలో అన్నీ ఎర్రమూటలే. గుహ చీకటి. బయట చుక్కలమ్మ గొంతు వినబడుతోంది, ఇటే వస్తోంది. నాగభూషణం గబగబా తడిమి, చల్లగా గుండ్రంగా తగిలిన కాగు పట్టుకున్నాడు. సౌభాగ్యం తన చేతికందిన బరువైన మూట భుజాన వేసుకుంది. తిన్న తిండికి ఊపిరాడక, వగరుస్తూ బండెక్కారు.

బండి కొండ దిగుతోంది. హాయిగా ఉంది. చప్పుడు లేదు.

"చూశారా, ఎంత బుద్ధిగా పడుకున్నాడో!" అంది సౌభాగ్యం మూటను ఊపుతూ. "మూడు విందులు తిని బరువెక్కాడు, నా బంగారం. పాపం, వీపంతా చెమటకాయలు పేలినట్టున్నాయి, గరుకుగా తగులుతోంది."

"అమ్మగారూ," అన్నాడు పోలయ్య.

"ష్! పిల్లాడు లేస్తాడు!"

కొంచెం దూరం పోయాక, "అయ్యగారూ, నా తోక..."

"నీ తోక సంగతి రేపు! నోరెత్తావంటే విస్తరాకులు లేవు!"

పోలయ్య ఇక ఎత్తలేదు. తోక అటూ ఇటూ తీరిగ్గా ఊపుకుంటూ, మిగిలిన విస్తరాకు నెమరేసుకుంటూ నడిచాడు. బండి వెనక ఈగలు ఊరేగింపు కట్టాయి. పండిన పనస వాసన ఎంత ఘాటుగా ఉందంటే, చచ్చిపోయిన కోతి ఒకటి లేచి కూర్చుంది. పన్నీరు నిండిన ఆ రెండు ముక్కులకి మాత్రం అందలేదు.

వాగు దగ్గర సౌభాగ్యం, "పాలు పడదాం," అని మూట విప్పింది. లోపల బైరాగి చదివించిన పనసపండు, ముళ్ళన్నీ పైకి పెట్టి ఆమెను చూస్తోంది.

ఆమె పెట్టిన కేకకు వాగు కాసేపు ఎగువకు పారింది.

"పిల్లాడేడండీ!"

నాగభూషణం ముందు చేసిన పని ఏమిటో తెలుసా? రెండో మూట తడిమాడు. "కాగు ఉందే!" అన్నాడు.

"కాగు ఉంటే ఏం కాల్చుకోనా! పొద్దుగూకుతోంది! కంకణాలు విప్పుతారు!"

"ఒరే పోలయ్యా, తెలిసీ చెప్పవేరా?"

"తోక లాగేవాడే లేడని చెబుదామనే అయ్యగారూ. పిల్లాడు లేస్తాడన్నారు."

బండి వెనక్కి తిరిగింది. పోలయ్య పరుగు చూసి గాలి పక్కకు తప్పుకుంది.

చిరుతింట సగంమంది చుట్టాలు వెళ్ళిపోయారు. సామాన్లు సర్దడానికి ఉండిపోయిన చెంచయ్యా, బైరాగీ ఒక మూల కూర్చుని ఉన్నారు. చిలక రామం గుంజ మీదే ఉన్నాడు. కొత్త కోడలి ఒళ్ళో ఎర్రగుడ్డ, గుడ్డలో బుడ్డిగాడు, ఆదమరిచి గురకపెడుతూ. చుక్కలమ్మ వాణ్ణే చూస్తూ, తన చేతి కంకణం ముడి మీద గోరు ఆనించి కూర్చుంది.

"రా నాయనా భూషణం," అంది. "మళ్ళీ చదివించడానికి వచ్చావా?"

"అమ్మా, చిన్న పొరపాటు. ఆ మూట..."

"నీ మూటేగా? రాగి కాగు అని చదివారు. మూట గురకపెడుతోందేమిటా అని విప్పితే కాళ్ళూ చెవులూ ఉన్నాయి. మా కోడలు తెగ ముచ్చటపడింది."

"వాడు మా పిల్లాడమ్మా!"

"అలాగా. మరి నువ్వు చదివించిన కాగు ఏది?"

బండిలో ఉందంటే దొంగ. లేదంటే పిల్లాడే చదివింపు. అంత చిక్కులోనూ నాగభూషణం నాలుక ఊరుకుందా? "కాగులోనే పిల్లాణ్ణి కూర్చోబెట్టి చదివించామమ్మా, రెండూ కలిపి. కాగు ఎవరో..."

"ఓహో, పిల్లాణ్ణి కూడా చదివించావన్నమాట!" చుక్కలమ్మ ముడి ఒక పోగు వదులు చేసింది. "అయితే మాటలెందుకు? చదివించింది వెనక్కి తీసుకునే వంశం కాదు కదా మీది."

"పొద్దునా అదే అన్నారు," అన్నాడు చెంచయ్య.

"మా ఇంటా అన్నారు," అన్నాడు బైరాగి.

చుక్కలమ్మ ఇంకో పోగు లాగింది. సౌభాగ్యం ఒక్క ఉరుకున బండి దగ్గరికి పోయింది. తల్లి పెట్టిన కాగు ఈడ్చుకొచ్చి అందరి మధ్యా ఠంగుమని పడేసింది.

"ఇదిగో మీ కాగు! చెంచయ్యన్న ఇంట ఇచ్చిందీ ఇదే, బైరాగన్న ఇంట ఇచ్చిందీ ఇదే! మేం వెనక్కి తీసుకునే వంశమే! నా బిడ్డ నాకివ్వండి!"

చెంచయ్య చెవులు మెల్లగా నిక్కపొడుచుకున్నాయి. బైరాగి లేచి నిలబడ్డాడు.

"కూర్చో బైరాగీ," అంది చుక్కలమ్మ. "రామం, చదువు నాయనా. కొండ కింద దాకా వినబడాలి."

చిలక ఆనాడు చదివినట్టు ఏనాడూ చదవలేదు. "నక్క నాగభూషణం దంపతులు! కుందేలింట చదివించిన రాగి కాగు, తిరిగి తీసుకున్నారూ! ఎలుగింట చదివించిన రాగి కాగు, అదేనండోయ్, తిరిగి తీసుకున్నారూ! చిరుతింట చదివించిన రాగి కాగు, అదేనండోయ్, తిరిగి తీసుకుని, బదులుగా పిల్లాణ్ణి ఉంచి వెళ్ళారూ...!"

అది విని తాబేళ్ళు కూడా నవ్వాపుకోలేక డిప్పల్లోంచి బయటపడ్డాయి.

కాగు మొదట చదివించిన ఇంటికి, అంటే చెంచయ్యకు పోయింది. మిగతా రెండిళ్ళకూ ఏం చెయ్యాలో చుక్కలమ్మే తేల్చింది. "వచ్చే నెల నీ కొడుకు పుట్టువెంట్రుకలట కదా. మేమంతా మీ ఇంటికి భోజనానికి వస్తాం. నిన్ను ముందు వరసలోనే నిలబెడతాం, వడ్డించడానికి. పప్పన్నంతో మా వాళ్ళ కడుపు నిండేట్టు చూసుకో నాయనా. అప్పటికి మా చేతులకి కంకణాలు ఉండవు."

నన్నడిగితే, చుక్కలమ్మ పిల్లాణ్ణి ముట్టేది కాదు. విప్పాలనుకుంటే ఆ ముడికి ఒక్క గోరు చాలు. పూట పొడుగునా పోగులు లాగుతూ కూర్చుంటుందా?

కొత్త కోడలు బుడ్డిగాణ్ణి నేల మీద దింపింది. పొద్దుట్నుంచీ వాడికి దొరికిన మంచి నిద్ర అదొక్కటే. కళ్ళు నులుముకున్నాడు. సౌభాగ్యం రెండు చేతులూ చాచింది. నాగభూషణం వంగి, మీసాలు సవరించుకుని, "రారా నా వంశోద్ధారకా!" అన్నాడు.

వాడు ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. తనకు వచ్చిన ఒక్క మాటా అన్నాడు.

"వద్దు."

అని, తప్పటడుగులు వేసుకుంటూ పోయి పోలయ్య తోక పట్టుకున్నాడు. పోలయ్య ఈసారి తోకను వాడి చేతికి అందేట్టు దించాడు.

కాగు చేతిలో ఉందో లేదో వందసార్లు తడుముకునేవాళ్ళు, ఒళ్ళో ఉన్నది పిల్లాడో పనసపండో ఒక్కసారైనా విప్పి చూసుకోవాలి.