గవులకొండ ఓబుళమ్మ పేరు పిలుపు

ఎర్రవాగు దాటి రెండు మైళ్ళు నడిస్తే గవులకొండ కనిపిస్తుంది. నిటారుగా చెక్కినట్టున్న ఎర్రటి కొండచరియలో, మూడు నిలువుల ఎత్తున, పద్నాలుగు గవులు, అంటే గుహలు, వరుసగా ఉంటాయి. మునులు నివాసానికి తొలుచుకున్నారని పెద్దలు చెబుతారు. ప్రతి గవిలోనూ పడుకునేందుకు రాతి అరుగు, దీపానికి చిన్న గూడు ఉన్నాయి. పైకి వెళ్ళడానికి రాతిలో కొట్టిన మెట్లున్నాయి. ఇప్పుడు ఇనుప గొలుసు కూడా వేశారు. చెప్పులు కింద విడిచి, తాగునీళ్ళు వెంట తీసుకొని ఎక్కడం మంచిది. కోతులున్నాయి కాబట్టి కొబ్బరికాయలు సంచిలోనే ఉంచుకోవాలి.

చివరి గవిలో ఉన్న తల్లి ఓబుళమ్మ. ఆమె చేతిలో ఆయుధం లేదు, తలపై కిరీటం లేదు. మోకాళ్ళు ముడుచుకొని, వాకిలి వైపు ముఖం పెట్టి, గోడలో సగం బయటికి, సగం లోపలికి కూర్చొని ఉంటుంది. చూసినవారికి ఎవరి పిలుపు కోసమో వింటున్నట్టు అనిపిస్తుంది. ఆ మాట నిజమే.

పూర్వం ఈ కొండకు కింద చౌడప్ప అనే నేతగాడు ఉండేవాడు. నాలుగు మగ్గాలు, ముగ్గురు తమ్ముళ్ళు, వాళ్ళ భార్యాపిల్లలు, ముసలి తల్లి. అందరితో పాటు చనిపోయిన చెల్లెలి కూతురు కూడా ఆ ఇంట్లోనే పెరిగింది. నాలుగేళ్ళప్పుడు వచ్చి, పద్దెనిమిదేళ్ళదయింది. నాలుగు మగ్గాలకూ నూలు కండెలు చుట్టేది ఆమే. పొద్దున రాట్నం ముందు కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది కాదు. ఇంట్లో ఆమెను అందరూ "అమ్మే" అనేవాళ్ళు. అమ్మే, కండెలు. అమ్మే, నీళ్ళు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, అన్నం తక్కువ పెట్టలేదు. పేరు పెట్టి మాత్రం పిలవలేదు.

ఒక కార్తీకమాసంలో ఆ కుటుంబమంతా రెండు బండ్లు కట్టుకొని వనభోజనానికి గవులకొండకు వచ్చింది. ముసలి తల్లి మాత్రం ఎక్కలేనని ఇంట్లో ఉండిపోయింది. మెట్ల మధ్యలో చౌడప్ప ఆయాసపడి కూలబడ్డాడు.

"ఏం బావా, మగ్గం గుంతలోంచి లేస్తే కాళ్ళు పనిచేయవా?" అంది చిన్న మరదలు.

"నువ్వు నోటితో ఎక్కుతాండావులే, నేను కాళ్ళతో ఎక్కుతాండా," అన్నాడు చౌడప్ప. అందరూ నవ్వారు. వెనక నీళ్ళ బిందెతో వస్తున్న ఆ పిల్ల కూడా నవ్వింది. ఆ నవ్వు ఎవరూ చూడలేదు.

భోజనాలయ్యాయి. పిల్లలు గవుల్లో దూరి కేకలు పెట్టి ఆడుకున్నారు. విస్తళ్ళు ఎత్తి, గిన్నెలు సర్ది, ఆ పిల్ల చివరి గవిలోకి వెళ్ళి కూర్చుంది. అలిగి కాదు. దిగేటప్పుడు ఎవరో ఒకరు తన పేరు పెట్టి పిలుస్తారేమో చూద్దామని. పిలిస్తే ఒక్క పిలుపుకే పలకాలని కూడా అనుకుంది.

పొద్దు వాలింది. కింద నుంచి మాటలు వినిపించాయి.

"అందరూ వచ్చినట్టేనా?"

"ఆ పిల్ల ముందు బండిలో ఉంటాదిలే."

ముందు బండివాళ్ళు వెనక బండిలో ఉంటుందనుకున్నారు. బండ్లు కదిలాయి. ఒక్క కేక వేస్తే ఆగేవి. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అడిగి పిలిపించుకునే పిలుపు ఆమెకు వద్దనిపించింది. ఎద్దుల మెడలో గంటలు వాగు దాటేదాకా వింటూ కూర్చుంది.

మరునాడు చౌడప్ప మగ్గంలో కూర్చొని కండె కోసం చెయ్యి చాచాడు. బుట్ట ఖాళీగా ఉంది. అప్పుడు తెలిసింది ఆ ఇంటికి.

పరుగున కొండెక్కాడు. "అమ్మే! ఓ అమ్మే! మగ్గాలు నిలిచిపోయినాయి, రా!" అని ఒక్కొక్క గవి ముందూ పిలిచాడు. చివరి గవిలో ఆమె వింటూనే ఉంది. అది తన పేరు కాదు. అతను పిలిచినప్పుడల్లా ఆమె కొంచెం వెనక్కి జరిగింది. జరిగినంత మేర గోడ చోటిచ్చింది. చౌడప్ప తొంగి చూసేసరికి చీకటి గవి తప్ప ఏమీ కనపడలేదు.

ఇంటికి వచ్చి తల్లితో చెప్పాడు.

"ఏమని పిలిచినావురా?" అంది ముసలామె.

"అమ్మే అని."

"మగ్గంలో ఆడే నాడెకు పేరుంది, కండెకు పేరుంది, పిల్లకు లేదా? దాని తల్లి పోతాపోతా నీ చెవిలో చెప్పి అప్పజెప్పింది గదరా!"

చౌడప్ప ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. "ఓబుళమ్మ," అంది తల్లి. "నేనూ ఏనాడూ పిలవలేదురా. పో. పోయి పిలువు."

మూడో రోజు పొద్దున్నే కొండ ఎక్కి, మెట్ల మీదినుంచే "ఓబుళమ్మా!" అన్నాడు. "ఓ, మామా!" అని వెంటనే జవాబు వచ్చింది. ఒక్క పిలుపుకే. పరుగెత్తి వెళ్ళి చూస్తే గోడలోంచి సగం బయటికి వచ్చిన రూపం. రాయి ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకొని ఏడ్చి ఏడ్చి, అక్కడే తల ఆనించి సొమ్మసిల్లాడు. ఆ మగతలో ఆమె కలలోకి వచ్చింది.

"పలికినాను మామా, అంతే చాలు. రావాలనే ఉంది గానీ రాయి విడవదు. ఇక్కడికి వచ్చినోళ్ళను దిగేముందు పేరు పెట్టి పిలవండి. పలికినాకనే దిగండి. ఇంకెవరూ ఇట్లా మిగలగూడదు."

చౌడప్ప వంశంలోని ఆడవారే నేటికీ ఇక్కడ అర్చకులు. దర్శనమయ్యాక ప్రతి కుటుంబంలోని పెద్ద, గవి వాకిట నిలబడి తనతో వచ్చిన ప్రతి ఒక్కరినీ అసలు పేరుతో పిలవాలి. బుజ్జి, చిన్నోడు, ఏమేవ్, ఏవండీ చెల్లవు. అత్త పేరు కోడలు, భర్త పేరు భార్య పిలవడం ఇక్కడ తప్పు కాదు. కొందరు సిగ్గుపడి మూడు మెట్లు దిగి మళ్ళీ వచ్చి పిలుస్తారు. ఇల్లు విడిచి వెళ్ళినవారి పేరు ఇక్కడ పిలిస్తే, ఎక్కడున్నా వారికి ఇల్లు గుర్తుకొస్తుందని నమ్మకం. అమ్మవారికి గాజులు, పూలు, చీర సమర్పించవచ్చు. నూలు, కండెలు మాత్రం తీసుకురారాదు. ఆ పని ఆమెకు మళ్ళీ ఎవరూ అప్పగించరు.

ఒంటరిగా వచ్చినవారు తమ పేరు అర్చకురాలికి చెప్పాలి. ఆమె లోపల నిలబడి గట్టిగా పిలుస్తుంది. అలాంటివారిని రెండుసార్లు పిలవడం ఇక్కడి ఆచారం. మొదటిసారి చాలామందికి గొంతు రాదు.