గడప లేని పుట్టి

నా రెండు కళ్ల మీద ఒట్టు, నేను తినే సంగటి ముద్ద మీద ఒట్టు, ఇందులో ఒక్క మాట కల్పించలేదు. కల్పించి ఉంటే ఇప్పుడే నా పళ్లన్నీ ఊడిపోవాల. ఏమే, నవ్వుతావేం? అవి ముందే ఊడినాయిలే. మీ అక్కకు నెత్తురెక్కించే సంగతి ఆసుపత్రి నుంచి కబురొచ్చేదాకా వాకిట్లో అట్లా కాళ్లు కాలినట్టు తిరగబాకు. ఇటొచ్చి కూర్చో.

అనగనగా, కొండలింకా పిల్లకొండలుగా ఉన్న రోజుల్లో, ఒక ఏరు. ఎంత ఏరనుకున్నావు? ఈ ఒడ్డున తుమ్మితే ఆ ఒడ్డున వాళ్లు మరునాడు "చిరంజీవ" అనేవాళ్లు. ఆ ఏటి మీద పుట్టి నడిపేది ఈదమ్మ. వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి పుట్టి, పెద్ద గంపలాగుండేది. ఒక్క పక్కే తెడ్డు వేస్తే గిరగిరా తిరుగుతుంది తప్ప ముందుకు పోదు. ఈదమ్మ రెండు చేతులా రెండు తెడ్లు వేసేది. ఆమె జబ్బలు చూసి తాటిచెట్లు సిగ్గుపడి వంగేవి.

ఈ ఒడ్డున శేషాచార్లనే వైద్యుడు. ఆ ఒడ్డున లతీఫ్ సాయిబనే హకీం. ఇద్దరిదీ ఒకటే పిచ్చి. నెత్తురు పోయి చచ్చేవాళ్లకు ఇంకొకరి నెత్తురెక్కించి బతికించాల. ఆచార్లు నిమ్మపులుసుతో ఒక ఉప్పు చేశాడు. అది కలిపితే గిన్నెలో నెత్తురు గడ్డకట్టదు. కానీ ఎవరిది ఎవరికి పడుతుందో ఆయనకు తెలీదు. సాయిబు తెల్ల పింగాణీ పళ్లెంలో ఇద్దరి నెత్తురు చుక్కలు కలిపి చూసేవాడు. విరిగిన పాలలాగా పలుకులు కడితే పడదు, నున్నగా కలిస్తే పడుతుంది. కానీ ఆయన ఎక్కించబోయేసరికి గొట్టంలోనే గడ్డకట్టేది. ఈయన సగం ఆయనకు చెప్పడు, ఆయన సగం ఈయనకు చెప్పడు. వాళ్లు తిట్టుకుంటుంటే ఏట్లో చేపలకు చెవుడొచ్చేది.

ఒక వానాకాలం ఈదమ్మ కూతురు సుంకులికి కాన్పయింది. బిడ్డ దక్కింది. తల్లికి మాత్రం నెత్తురు ఆగలేదు. ఈదమ్మ కూతుర్ని మోసుకొచ్చి ఆచార్లింటి అరుగు మీద పడుకోబెట్టింది. ఆయన మందేసి నెత్తురు పోకుండా ఆపాడు గానీ, సుంకులి పెదవులు సున్నం కొట్టినట్టయినాయి.

"నా నెత్తురు తీసి పొయ్యి సామీ."

"నీది పడకపోతేనో? పోయినసారి ఇట్లాగే చూడకుండా ఒకరికి ఎక్కించాను. మనిషి గజగజ వణికి నా చేతుల్లోనే పోయాడు."

"పడుతుందో లేదో సాయిబుకు తెలుసంట గదా. అడుగు."

"ఆయన గడప నేను తొక్కను."

తెడ్డు పడింది, పుట్టి కదిలింది, ఏరు ఉరిమింది. ఈదమ్మ ఒక చిప్పలో తన నెత్తురు, ఒక చిప్పలో కూతురి నెత్తురు పెట్టుకుని దాటింది. ఒడ్డు చేరేసరికి రెండూ గడ్డ.

"దీంట్లో ఏం చూడమంటావమ్మా?" అన్నాడు సాయిబు.

"నువ్వే వచ్చి చూడు సాయిబూ. నీ కాళ్లు మొక్కుతా."

"ఆయన గడప నేను తొక్కను."

తెడ్డు పడింది, పుట్టి కదిలింది, ఏరు ఉరిమింది. "ఆ ఉప్పు రవ్వంత ఇయ్యి సామీ, చిప్పలో కలిపి తీసుకుపోతా."

"నా ఉప్పు ఏరు దాటదు. వాసన చూసి కాజేస్తాడు."

ఈదమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. ఏటి రాయిలాగా చల్లగా ఉంది.

"సరే. మీరు గడపలు తొక్కరు. నా పుట్టికి గడప లేదు. ఏటి నడిమికి వచ్చే దమ్ము నీకు లేదని ఆ సాయిబు మీసం మెలేస్తున్నాడు, ఏమంటావు?"

ఆచార్లు ఎగిరి పుట్టిలో పడ్డాడు. ఈదమ్మ కూతుర్నీ ఎత్తుకొచ్చి పుట్టిలో పడుకోబెట్టింది. ఆ ఒడ్డున సాయిబుతోనూ ఇదే అబద్ధం చెప్పింది. ఆయనా ఎగిరి పడ్డాడు. తెడ్డు పడింది, పుట్టి కదిలింది, ఏరు ఉరిమింది. ఏటి నడుమ బండరాయికి పుట్టిని మోకుతో కట్టేసింది.

ఆచార్లు ఉప్పు తీశాడు. సాయిబు పళ్లెం తీశాడు. తల్లి చుక్క, కూతురి చుక్క. ముగ్గురూ పళ్లెం మీదికి వంగారు.

నున్నగా కలిసింది!

ఈదమ్మ చేతి నుంచి ఉప్పు గిన్నెలోకి, గిన్నెలోంచి సన్నటి గొట్టం గుండా సుంకులి చేతిలోకి నెత్తురు పారింది. అంతలో పైనుంచి ఏనుగంత అల వచ్చింది. ఏనుగేంటి, ఏనుగుల మంద! మోకు పుటుక్కున తెగింది. పుట్టి గిరగిరా తిరిగింది. ఆచార్లొక తెడ్డు, సాయిబొక తెడ్డు పట్టుకున్నారు.

"ఇటు తొయ్యవయ్యా సాయిబూ!"

"ముందు నువ్వు సరిగ్గా వెయ్యి, అది తెడ్డు, పప్పులో గరిటె కాదు!"

పుట్టినాక మొదటిసారి ఇద్దరూ చెరో పక్క నుంచి ఒకే దిక్కుకు తోశారు. పుట్టి ఒడ్డుకు పోయింది. వాళ్లు ఒకరినొకరు కావిలించుకుని చిన్నపిల్లల్లా ఎగిరారు.

సుంకులి పెదవులు ఎర్రబడ్డాయి. కళ్లు తెరిచింది. "అమ్మేదీ?" అంది.

ఇక్కడ మటుకు నేనేమీ పెంచి చెప్పను. ఈదమ్మ పుట్టి అంచుకు ఆనుకుని ఉంది. కళ్లు కూతురి పెదవుల మీదనే ఉన్నాయి. ఇక రెప్ప వాల్చలేదు. ఆమె చేతి నుంచి ఆగకుండా కారిన నెత్తురుతో గిన్నె నిండి పొర్లి, పుట్టి అడుగంతా ఎర్రగా ఉంది.

"గిన్నె నువ్వు చూస్తున్నావనుకున్నా," అన్నాడు ఆచార్లు.

"నువ్వు చూస్తున్నావనుకున్నా," అన్నాడు సాయిబు.

అడగలేదు. ఇద్దరిలో ఒక్కరూ రెండోవాణ్ణి అడగలేదు.

పుట్టి ఆగిన చోటనే ఇద్దరూ కలిసి ఒక కొట్టం వేశారు. దానికి గడప పెట్టలేదు. ఉప్పూ పళ్లెమూ ఒకే చెక్క మీద ఉండేవి. ఎంతోమందిని బతికించారు. ఎవరికి నెత్తురు ఎక్కించాలన్నా ముందు ఒకరు గట్టిగా అనేవాళ్లు, "నేను చూశాను. నువ్వు చూశావా?" రెండోవాడు తన కళ్లతో చూసి, "నేనూ చూశాను" అంటే గానీ చెయ్యి కదిలేది కాదు. మనవైపు దాన్నే ఈదమ్మ చూపు అంటాం.

ఇంకా కబురు రాలేదేమే. లే, ఈ జావ చెంబు పట్టుకో. ఆసుపత్రికి పో. మీ అక్కకు నెత్తురు సంచి తగిలించేటప్పుడు నర్సమ్మలు ఇద్దరు చూస్తున్నారా లేదా కనిపెట్టు. ఒక్కతే ఉంటే ఇంకో అమ్మను పిలవమని అడుగు, కసిరినా కదలబాకు. "చూశాను" అన్న మాట ఇద్దరి నోటా విని, పరిగెత్తుకొచ్చి నాకు చెప్పు. ఒక్కదానివే పోతావేం? దోవలో మీ బావను కేకెయ్యి.