కారని గొట్టం, లేని రాజు

ఏ సీమలో, ఏ కాలంలో అని నన్ను నిలదీయకండి. నా చదువంతా అరుగుల మీద కూర్చుని, పక్కవాళ్ళు పైకి చదువుకుంటుంటే వినగా అబ్బింది. అందులో కాలాలూ సంవత్సరాలూ నిలవలేదు, కథలు మాత్రం నిలిచాయి. పాలవెల్లి అనే రాజ్యం ఒకటి ఉండేదనీ, దాన్ని ప్రచండ భూపతి అనే రాజు ఏలేవాడనీ మాత్రం గట్టిగా చెప్పగలను. ఆయన బిరుదులన్నీ చెప్పమంటే నాకు ఆయాసం వస్తుంది. ఆస్థానంలో వాటిని చదివే భట్రాజులకే వచ్చేదట, మధ్యలో ఆపి మజ్జిగ ఇచ్చేవారట.

ఆ రాజుకు గొప్పలు రెండు. మొదటిది నిద్ర. మిట్టమధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు. లేపినవాణ్ణి బతికున్నంతకాలం గుర్తుపెట్టుకునేవాడు. రెండోది ఊరికి నీళ్ళు తెచ్చే మట్టి గొట్టాలు. వాళ్ళ తాతగారు కొండమీది చెరువు నుంచి వేయించినవి. పరదేశి ఎవడు కొలువుకొచ్చినా ముందు ఆ గొట్టాల సంగతి వినాలి, ఆ తరువాతే తన సంగతి చెప్పుకోవాలి.

తెల్లవారుతూండగా కొండమీద తూము తెరిచేవారు. నీళ్ళు వీధులన్నీ తిరిగి, కుమ్మరివీధి మీదుగా కోటలోకి పోయి అక్కడి గంగాళాలు నింపేవి. ఎండెక్కేసరికి తూము మూసేసేవారు. ఇక మర్నాటిదాకా గొట్టాల్లో చుక్క ఉండేది కాదు.

కుమ్మరివీధిలో, కోట గుమ్మానికి దగ్గరగా తిరిపాలమ్మ ఇల్లు. భర్త పోయాక సారె తనే తిప్పుకుంటూ, కుండలు అమ్ముకుంటూ బతుకుతున్న మనిషి. ఆమె ఇంటిగోడ వారగా పోయే గొట్టం పగిలింది. తెల్లవారిందంటే చాలు, బుస్సుమని నీళ్ళు చిమ్మేది. గోడ నానేది. ఆరబెట్టిన పచ్చికుండలు మళ్ళీ మట్టిముద్దలయ్యేవి. వాకిట్లో ముగ్గు వేసి ఆమె నడుమెత్తేలోపల ఆ ముగ్గు పక్కింటికి వెళ్ళిపోయేది.

"ఇంత సున్నం, ఇంత బెల్లం కలిపి నేనే పూడ్చుకుందును. రాచగొట్టం ముట్టుకుంటే సంకెళ్ళేస్తారంట, ఏం చెయ్యను?" అనేది తిరిపాలమ్మ.

చేసేదిలేక నగరసభకు మొరపెట్టుకుంది. నగరసభ అంటే ఊరి బాగోగులు చూసే పెద్దల సభ. దానికి పెద్ద భుజంగయ్య. నిద్ర విషయంలో ఆయన రాజుగారికి తగ్గ శిష్యుడు. మధ్యాహ్నం సుష్టుగా భోంచేసి, తాంబూలం బిగించి, గొడుగు పట్టించుకుని, తక్కిన పెద్దలను వెంటేసుకుని వచ్చాడు. గొట్టం మీద చెయ్యి పెట్టాడు. తరవాత చెవి పెట్టాడు.

"ఏదే కారేది? ఎండుమిరపకాయలా ఉంటేనూ!"

"ఇప్పుడెట్టా కారుద్దయ్యా? నీళ్ళొచ్చేది తెల్లారి. తెల్లారి వచ్చి చూడండి."

"నగరసభ ఎప్పుడు రావాలో నువ్వు చెబుతావా?"

"పోనీ గోడ చూడండయ్యా, ఎంత చెమ్మగా ఉందో."

"కుమ్మరిల్లన్నాక చెమ్మ ఉండదూ? నువ్వే చల్లుంటావు. గుమ్మం ముందు ముగ్గయినా వెయ్యని బద్ధకస్తురాలివి, పైగా మా మీద ఫిర్యాదులా!"

ఆ ముగ్గు ఎటు పోయిందో తిరిపాలమ్మ చెప్పేలోపల వాళ్ళు పక్క వీధి మలుపు తిరిగారు. ఆమె మళ్ళీ మొరపెట్టుకుంది. మళ్ళీ మధ్యాహ్నమే వచ్చారు. మళ్ళీ గొట్టం పొడిగానే ఉంది.

మరోసారి పోయేసరికి భుజంగయ్యకు కోపమొచ్చింది. తిన్నగా రాజు దగ్గరికి పోయి, "ప్రభూ! కుమ్మరి తిరిపాలమ్మ తమ తాతగారి గొట్టం కారుతోందని ఊరంతా చాటుతోంది" అన్నాడు.

"మా తాతగారి గొట్టం కారడమా!" అని రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. పూర్తిగా లేవడం ఆయనకు అలవాటు లేదు. "అబద్ధాలాడేవాళ్ళు కోట దగ్గర ఉండడానికి వీల్లేదు. శుక్రవారం పొద్దుగూకేలోగా ఆమెచేత ఇల్లు ఖాళీ చేయించండి!"

ఆ కబురు తెలిసి తిరిపాలమ్మ ఏడ్చుకుంటూ ఓబన్న గుమ్మంలో కూలబడింది.

ఓబన్న కొలువులో విదూషకుడు. పొట్టిమనిషి, బట్టతల. ఎవరైనా తనను వెక్కిరించబోతే, "మీకెందుకు శ్రమ, ఆ పని నేను పొద్దున్నే ముగించుకుని వచ్చాను" అనేవాడు. అలాంటివాణ్ణి ఎవరూ ఏమీ అనలేరు కదా! కొలువులో ధైర్యంగా నోరు విప్పేవాడు అతనొక్కడే.

"ఓబన్నబాబూ, గోడ పడితే పడింది, మళ్ళీ లేపుకుంటా" అంది తిరిపాలమ్మ. "అబద్ధాలకోరని వీధిలోంచి గెంటేస్తే ఎక్కడికి పోను? సారె నెత్తినెట్టుకుని ఊళ్ళు తిరగనా? అబద్ధాలకోరు చేసిన కుండ ఎవరు కొంటారు?"

ఓబన్న బట్టతల నిమురుకున్నాడు. "తిరిపాలక్కా, నా బుర్రలో ఏమీ లేదని పైనుంచి చూస్తేనే తెలుస్తోంది. కానీ భుజంగయ్యగారి బుర్ర ఉందిగా. దాన్ని ఒక పూట అరువు తెచ్చుకుంటా. నువ్వు సామాన్లు సర్దకు."

మర్నాడు గురువారం. సూర్యుడు ఇంకా పూర్తిగా పైకి రాలేదు. ఓబన్న మెడలో తప్పెట వేసుకుని సభామండపానికి పోయాడు. సింహాసనం దగ్గరకు వెళ్ళి చూశాడు. దాని మీద చెయ్యి పెట్టాడు. తరవాత చెవి పెట్టాడు. బయటికొచ్చి కోట గుమ్మం ముందు నిలబడి తప్పెట మోగించాడు.

"పుర ప్రజలారా! నగరసభవారి పద్ధతి తప్పకుండా పరీక్షించి చూడగా, పాలవెల్లి రాజ్యానికి రాజు లేడని తేలిందహో!"

వీధులన్నీ బయటికొచ్చాయి. కావలివాళ్ళు పరుగున వచ్చి ఓబన్న రెక్కలు పట్టుకున్నారు. కానీ ఇంత పెద్ద నేరం రాజుకే చెప్పాలి, రాజును లేపడమో, అంతకంటే పెద్ద నేరం! అందుకని అందరూ కలిసి మధ్యాహ్నందాకా కాచుకుని కూర్చున్నారు. ఓబన్న మండపంలోనే ఓ కునుకు తీశాడు.

రాజు వచ్చాడు. సంగతి విన్నాడు. మీసాలు రెండూ విడివిడిగా అదిరాయి.

"ఓరి ఓబన్నా! రాజు లేడన్నావా?"

"అన్నాను ప్రభూ. పొద్దున్నే వచ్చి చూశాను. సింహాసనం ఖాళీ. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. చెవి పెట్టి విన్నాను, చప్పుడు లేదు. ఇంకేం చూడమంటారు?"

"ఇదిగో ఉన్నాను కదరా!"

"ఇప్పుడున్నారు. నేను చూసినప్పుడు లేరు."

"మూర్ఖుడా! రాజు ఉన్నాడో లేడో తెలియాలంటే రాజు వచ్చే వేళకు వచ్చి చూడాలి!"

ఓబన్న లెంపలు వాయించుకున్నాడు. "అయ్యో, ఎంత తెలివితక్కువవాణ్ణి! సొంతంగా ఆలోచించడం చేతకాక భుజంగయ్యగారి పద్ధతి పట్టుకున్నాను ప్రభూ. ఆయన తెల్లారి వచ్చే నీళ్ళను మధ్యాహ్నం వచ్చి వెతుకుతారు. నేను మధ్యాహ్నం వచ్చే ప్రభువులను తెల్లారి వెతికాను. ఆయనకు నీళ్ళు దొరకలేదు, తిరిపాలమ్మ ఇల్లు పోతోంది. నాకు ప్రభువులు దొరకలేదు. నాకేం పోతుందో తమరే సెలవియ్యాలి."

సభలో ఎవరో దగ్గబోయి మింగేశారు. అది దగ్గు కాదు. భుజంగయ్య ముఖం ఎర్రబడింది. రాజు మాత్రం నవ్వలేదు. మాట తనకు తగిలిందని తెలుస్తూనే ఉంది, తాతగారి గొట్టాన్ని అంత తేలిగ్గా వదులుకోలేకపోయాడు.

"సరే! రేపు సూర్యోదయానికి నేనే కుమ్మరివీధికి వస్తాను. స్వయంగా లేచి వస్తాను! గొట్టం కారితే సరి. కారకపోయిందా, ఆమె ఇల్లూ పోతుంది, నీ కొలువూ పోతుంది. ఊరు విడిచి ఇద్దరూ కలిసి పోదురుగాని!"

సభ ముగియగానే భుజంగయ్య మీసం దువ్వుకున్నాడు. తూము కాపరికి కబురంపాడు. "రేపు ప్రభువులు కుమ్మరివీధి నుంచి తిరిగి వెళ్ళేదాకా తూము తెరిచావో, నిన్ను చెరువులో పారేయిస్తా!"

శుక్రవారం తెల్లవారింది. కుమ్మరివీధి నిండా జనం. తిరిపాలమ్మ గోడకు చేరబడి నిలబడింది. గొట్టం పొడిగా ఉంది. నీళ్ళొచ్చే వేళయింది, రాలేదు. వేళ దాటింది, ఇంకా రాలేదు.

"ఏమోయ్ ఓబన్నా, ఏదీ ధార?" అన్నాడు భుజంగయ్య, తాంబూలం నములుతూ.

"వస్తుందండీ. ప్రభువుల ముస్తాబు కానివ్వండి."

"బాబూ, మోసం జరిగినట్టుంది" అంది తిరిపాలమ్మ గొంతు తగ్గించి. "నీళ్ళు ఆపేశారు."

"ఆపేశారమ్మా" అన్నాడు ఓబన్న ప్రశాంతంగా. "ఆపకపోతే నేను కంగారుపడేవాణ్ణి."

అప్పుడు కోటలోంచి ఒక కేక వినబడింది. ఏనుగు ఘీంకరించిందనుకున్నారు జనం. అది ఏనుగు కాదు.

ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. రాజు తలంటుకోకుండా కోట గడప దాటకూడదు. నిద్రకళ్ళతో లేచిన రాజును సేవకులు పీట మీద కూర్చోబెట్టారు. తలకు నూనె పట్టించారు. కుంకుడు రసం పోసి బాగా రుద్దారు. నురగ నుదుటి మీంచి కళ్ళలోకి దిగింది. "నీళ్ళు పొయ్యండ్రా!" అన్నాడు రాజు. సేవకుడు చెంబు గంగాళంలో ముంచాడు. చెంబు అడుగున ఠంగుమంది. రెండో గంగాళమూ ఠంగుమంది. నిన్నటి నీళ్ళు నిన్ననే అయిపోయాయి. ఈనాటి నీళ్ళు రాలేదు. మధ్యాహ్నం లేచేవాళ్ళకు గంగాళాలు ఎప్పుడు నిండుతాయో ఏం తెలుస్తుంది? రాజుకూ తెలియదు, భుజంగయ్యకూ తెలియదు.

కోట గుమ్మంలోంచి ఒక సేవకుడు రొప్పుతూ వచ్చాడు. "భుజంగయ్యగారూ! నీళ్ళు! ప్రభువుల కళ్ళలో కుంకుడు రసం!"

భుజంగయ్య నోట్లో తాంబూలం ఆగిపోయింది. "ఎవర్రా అక్కడ! తూము తెరవమనండి! పరిగెత్తండి!"

"నిదానించండి" అన్నాడు ఓబన్న ఎంతో వినయంగా. "తూము తెరిస్తే ఇక్కడ కారుతుందేమోనండీ."

"కారితే కారనీ! తెరవండహో!"

వీధి వీధంతా ఘొల్లుమంది. తానేమన్నాడో భుజంగయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. కానీ కొండమీదికి కేక అప్పటికే వెళ్ళిపోయింది.

కాసేపటికి గొట్టం గుడగుడమంది. తిరిపాలమ్మ పక్కకు తప్పుకుంది. బుస్సుమని లేచిన ధార భుజంగయ్య పట్టు ఉత్తరీయాన్ని ముందుగా తడిపి, ఆ తరువాత వీధి పొడవునా పారింది. ఇక్కడే ఇన్ని నీళ్ళు పోతే కోటకేం చేరతాయి? గంగాళంలో బొట్టు బొట్టుగా పడుతున్నాయి. రాజుకు ఓపిక నశించింది. పంచె ఎగ్గట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఇద్దరు సేవకుల భుజాలు పట్టుకుని, "ఎక్కడరా నీళ్ళ చప్పుడు? అటు తీసుకుపొండి!" అంటూ కోట గుమ్మం దాటేశాడు. ఆచారం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సగం తలంటు అయిందిగా, సగం దోషమే అనుకోవాలి.

ఓబన్న ఎదురెళ్ళి రాజు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. "ఇక్కడ వంగండి ప్రభూ. ఇంకాస్త. ఆఁ."

రాజు ధార కింద తల పెట్టాడు. నురగంతా పోయింది. కళ్ళు కడుక్కున్నాడు. "హమ్మయ్య!" అన్నాడు. అంత నిండుగా ఆయన ఏనాడూ ఆ మాట అని ఉండడు. మెల్లగా కళ్ళు తెరిచాడు. ఎదురుగా పగిలిన గొట్టం. దాని వెనక నాని ఉబ్బిన గోడ. గోడ కింద మట్టిముద్దలైన కుండలు. వాటి పక్కన చేతులు జోడించి తిరిపాలమ్మ.

"ఇది... ఇది రోజూ ఇలాగే ఉంటుందా?" అన్నాడు రాజు.

"రోజూనయ్యా. తమరు లేవకముందు."

రాజు భుజంగయ్య వైపు తిరిగాడు. తూము ఎందుకు ఆలస్యమైందని అడగలేదు. అడగక్కర్లేదు, ఆయన ముఖమే చెబుతోంది. తరవాత ఓబన్న వైపు తిరిగాడు.

"ఒరే, కోటకు నీళ్ళు రావని నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు ప్రభూ! తమరు తలంటుకోకుండా గడప దాటరని తెలుసు. భుజంగయ్యగారు ఏం చేస్తారో తెలుసు. ఇద్దరు పెద్దల మీదా నమ్మకముంచి నేను హాయిగా నిద్రపోయాను."

రాజు ముఖం ముడుచుకోబోయి ఆగింది. పెదవి అదిరింది. తడి మీసాల్లోంచి నీళ్ళు కారుతుండగా పకపకా నవ్వడం మొదలెట్టాడు. రాజు నవ్వేసరికి జనం నవ్వారు. అందరికంటే ఆఖరున తిరిపాలమ్మ నవ్వింది, నవ్వుతూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

"తాతగారు వేయించిన గొట్టం..." అని రాజు కాస్త దిగులుగా అన్నాడు.

"తాతగారి గొట్టమే ప్రభూ. ఇన్నేళ్ళు మోసి మోసి అలిసిపోయింది, అంతే. తమ కళ్ళు కడగడానికి మిగిలిన ఓపికంతా ఇవాళ వాడేసింది."

రాజు అక్కడే, తడిపంచెతోనే ఆజ్ఞ ఇచ్చాడు. తిరిపాలమ్మ ఇల్లు తిరిపాలమ్మదే. గోడ కోట ఖర్చుతో కట్టించాలి. ఆమె అబద్ధమాడలేదని అదే తప్పెటతో ఊరంతా చాటాలి. కొత్త గొట్టం చేసే పని ఆమెకే. నగరసభవారు ఇకమీద నీళ్ళొచ్చే వేళకే వీధులు తిరగాలి. గొట్టం పూడ్చేదాకా భుజంగయ్య ఆ పగులుకు తన ఉత్తరీయం అడ్డంపెట్టి పట్టుకోవాలి. రోజూ తూము మూసేదాకా భుజంగయ్య పట్టుకున్నాడు. పట్టు మంచిదే, నీళ్ళు బాగా ఆగాయట.

తరవాత రాజు వేలి ఉంగరం తీశాడు. తలంటు నూనె జిడ్డుకు అది తేలిగ్గా జారి వచ్చింది. "ఇది నీకు. ఇంకేమైనా కోరుకో ఓబన్నా."

"ఇంకొక్కటే ప్రభూ. నన్ను మళ్ళీ సూర్యోదయానికి లేపే పని పెట్టకండి. నిజం చెప్పొద్దూ, నాకూ మధ్యాహ్నం లేవడమే అలవాటు."

రాజు మళ్ళీ నవ్వాడు.

గోడ లేచింది, గొట్టం మారింది. ఒక రోజు మధ్యాహ్నం రాజు ఆ వీధిలో పల్లకీ దిగి నడుస్తూ తిరిపాలమ్మ గుమ్మం ముందు ఆగాడు. పొద్దున ఆమె వేసిన ముగ్గు, చుక్క చెదరకుండా, ఇంకా అలాగే ఉంది. రాజు పంచె కాస్త ఎత్తిపట్టుకుని, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి చుట్టుతిరిగి వెళ్ళాడు.