తవిటమ్మ పెదవి మీద పొక్కులు

నేను అయిదో తరగతితో బడి మానేసిన దాన్ని. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాసి ఎరగను. మా మనవరాలు పడుకునే ముందు అడిగే కథ ఇది. చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే రాస్తున్నాను. ఊఁ కొట్టు తల్లీ.

అనగనగా శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకామె ఉండేది. నలుగురిలో నోరెత్తేది కాదు. ఏటేటా అమ్మోరి పండక్కి పరమాన్నం వండేది మాత్రం ఆమే. మూతికి గుడ్డ కట్టుకుని, ఒక్క మెతుకు రుచి చూడకుండా పన్నెండేళ్ళు వండింది.

ఒక ఏడు, పండగ నెల రోజులుందనగా తవిటమ్మకి జ్వరమొచ్చింది. జ్వరం తగ్గేసరికి కింది పెదవి మీద నీటిపొక్కులు గుత్తిగా లేచాయి.

అప్పుడు ఎదురింటి అసిరమ్మ చూసింది. "నిరుడు నైవేద్యం ఎంగిలి చేసుంటాది. అమ్మోరు మూతి మీదే వాత పెట్టింది" అంది. ఆమె తోడికోడళ్ళిద్దరూ అవునంటే అవునన్నారు. సాయంత్రానికి ఊరంతా అదే మాట. పరమాన్నం వండే పెద్ద గుండిగ, దాంతోపాటు పండగ వంటా అసిరమ్మ ఇంటికి పోయాయి. ఎవరైనా తవిటమ్మని ఒక్క మాట అడిగారా? అడగలేదు. నిరుడు తింటే ఈ ఏడు కోపమొచ్చిందా అమ్మోరికి? ఆ మాటా ఎవరికీ తోచలేదు.

పొక్కు పోతే నింద పోతుందనుకుంది తవిటమ్మ. మొదట సున్నం రాసింది, తోలు ఊడింది. ఆ తర్వాత వెల్లుల్లి నూరి పెట్టింది, ప్రాణం పోయినంత పనయింది. మూడోసారి ఊరి ఆసుపత్రిలో నర్సమ్మ దగ్గరికి పోయింది.

"నీ మూతి నువ్వే కాల్చుకున్నావేటమ్మా" అని నర్సమ్మ మందు కలిపిన లిప్ బామ్ డబ్బీ ఇచ్చింది. "ఇది రాస్తే మంట తగ్గుతుంది, పెదవి పగలదు. మానడానికి పది రోజులైనా పడుతుంది. రాశాక చెయ్యి కడుక్కో. డబ్బీ ఎవరికీ ఇవ్వకు. ఇది ఎంగిలితో అంటుకునే జబ్బు, దొంగతనంతో వచ్చేది కాదు."

ఆ తర్వాత రోజూ రాసుకుంది. మొదటి రోజు మంట తగ్గింది. మూడో రోజు కారం తగిలినా అన్నం తినగలిగింది. పదో రోజుకి చెక్కు రాలింది.

అప్పుడు అసిరమ్మ మూతి మీద పొక్కులు లేచాయి. ఆ తర్వాత పెద్ద తోడికోడలికి. ఆ తర్వాత చిన్నదానికి. ముగ్గురూ ఒకే చుట్టని మార్చి మార్చి కాలుస్తారు మరి, అంటుకోదూ?

ముగ్గురూ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని పెరటి దారిన వచ్చారు.

"వదినా, ఆ డబ్బీ ఓపాలి ఇయ్యవా. మండిపోతంది" అంది అసిరమ్మ.

తవిటమ్మకి ఒళ్ళు భగ్గుమంది. "ముగ్గురూ కలిసి ఎంత నైవేద్యం తిన్నారేటి?"

"మేమేటీ తినలేదు, ఒట్టు."

"నేను తిన్నానా మరి? డబ్బీ ఇవ్వను. ఎవరి డబ్బీ వాళ్ళదే అంది నర్సమ్మ. ఎవరి చుట్ట వాళ్ళే కాల్చుకోండి. ముందు నా మీద వేసిన నింద అబద్ధమని ఊళ్ళో చెప్పండి."

"పండగయ్యాక చెప్తాములే" అని జారుకున్నారు.

తెల్లవారింది. తవిటమ్మ తిన్నగా అసిరమ్మ ఇంటికి పోయింది. అసిరమ్మ మూతి మీద కొంగు ఇంకా బిగించి పక్కకి జరిగింది. తవిటమ్మ గుండిగ నెత్తికెత్తుకుంది. పెరటి దారి పట్టలేదు. కుళాయి దగ్గర బిందెలతో జనమంతా నిలబడి ఉన్న నడివీధిలోంచి, మూతి అందరికీ కనబడేలా, ఇంటికి మోసుకుపోయింది.

కథ కంచికి, కునుకు నీ కంటికి.